లైట్ థెరపీ మెషిన్ కొనేముందు మీరే ఎలా చెక్ చేసుకోవాలి?

"అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఈ ఎర్ర లైటు బెల్టు పనిచేస్తుందా?" "మొహానికి ఎల్‌ఈడీ మాస్క్ ఆఫర్‌లో ఉంది, తీసుకోవచ్చా?" "నాన్నకి షుగర్, పాదాల్లో తిమ్మిర్లు, ఎవరో ఇన్‌ఫ్రారెడ్ ప్యాడ్ గురించి చెప్పారు, మీరేమంటారు?" పేర్లు మారుతున్నాయి కానీ అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం నావల్ల కావట్లేదు. పైగా మార్కెట్‌లోకి నెలకో కొత్త మోడల్ వస్తోంది కాబట్టి "ఫలానాది కొనండి, ఫలానాది వద్దు" అని నేను చెప్పినా అది ఆర్నెల్లు కూడా నిలవదు. అందుకే మీ అంతట మీరే చెక్ చేసుకునే పద్ధతి రాస్తున్నాను.

వెలుతురుతో వైద్యం అనేది బూటకమేమీ కాదు. పుట్టిన బిడ్డకి కామెర్లు వస్తే ఆసుపత్రిలో నీలం లైటు కింద పెడతారు కదా, 460 నానోమీటర్లకు (వెలుగు రంగుని తేల్చే తరంగదైర్ఘ్యం, అంటే అల పొడవు, కొలిచేది ఇందులోనే) అటూ ఇటూగా ఉండే ఆ వెలుగు చర్మంలోని బిలిరుబిన్‌ని (కామెర్లలో ఒంటిని పచ్చగా చేసే పదార్థం) ఒంట్లోంచి తేలిగ్గా బయటికి పోయే రూపంలోకి మారుస్తుంది. 1958లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రి డాక్టర్లు ఈ పద్ధతిని ప్రచురించారు, ఇప్పుడు మన ఊళ్లలో పిల్లల వార్డుల్లో జరిగేదీ అదే. సోరియాసిస్‌కీ బొల్లికీ చర్మవైద్యులు 311 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ వాడతారు. కీమో, రేడియేషన్ లాంటి చికిత్సలు తీసుకునే కొందరికి నోరంతా పుండ్లు పడకుండా తక్కువ పవర్ లేజర్ వాడమని క్యాన్సర్ వైద్యుల మార్గదర్శకాల్లోనే ఉంది. చలిదేశాల్లో శీతాకాలపు డిప్రెషన్‌కి 10,000 లక్స్ (వెలుతురు ఎంత పడుతోందో చెప్పే కొలత) దీపం ముందు పొద్దున్నే అరగంట కూర్చోబెడతారు. వీటిలో ప్రతిదానికీ ఒక జబ్బు, ఒక తరంగదైర్ఘ్యం, ఒక మోతాదు ఉన్నాయి. అమ్మేవాళ్ల ప్రకటనలో ఈ మూడూ మాయమై "లైటు ఒంటికి మంచిది" అన్న ముక్క ఒక్కటే మిగులుతుంది. ఆ మాయమైన మూడింటినీ వెతికి పట్టుకోవడమే కింద ఉన్న పని.

కావలసినవి

- ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్‌లో ఏజెంటు పంపిన బ్రోచర్‌తో సహా
- పరికరం వెనక లేబుల్, అడాప్టర్ లేబుల్ ఫోటోలు (కొనకముందైతే అమ్మేవాళ్లని అడిగి తెప్పించుకోండి, ఇవ్వకపోతే అదీ ఒక జవాబే)
- స్కేలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్
- ఎవరికోసం కొంటున్నారో వాళ్లు వాడుతున్న మందుల చీటీ
- ఇప్పటికే కొనేసి ఉంటే ఒక నోటుబుక్కు, మొహమాటం లేకుండా నిజం చెప్పే ఒక మనిషి

ముందు ఆగాల్సినవాళ్లు

మిగతాదంతా తర్వాత. ఈ కింది వాళ్లు డాక్టర్‌ని అడగకుండా స్విచ్ వేయొద్దు.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు మొదటి వరస. ఫిజియోథెరపీ సెంటర్లలో కనిపించే ఎర్ర బల్బు ఇన్‌ఫ్రారెడ్ ల్యాంప్ ఇచ్చేది ప్రధానంగా వేడి, ఆ వేడి తెలియకపోతే చర్మం కాలినా తెలియదు, షుగర్ ఉన్నవాళ్ల కాలికి అయిన పుండు ఎక్కడిదాకా పోతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రెటీనా జబ్బు ఉన్నవాళ్లు, లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటిమీద దాడి చేసే జబ్బు) ఉన్నవాళ్లు, డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ లాంటి ఎండ పడని మందులు వాడేవాళ్లు కూడా ఆగాలి. 2019లో న్యూట్రోజినా తన మొటిమల లైట్ మాస్క్‌ని మార్కెట్ నుంచి వెనక్కి పిలిచింది. కొన్ని కంటి జబ్బులు ఉన్నవాళ్లకీ, కంటిని వెలుగుకి సున్నితం చేసే మందులు వాడేవాళ్లకీ కంటికి హాని జరిగే అవకాశం ఉందన్నదే కారణం. అంత పెద్ద కంపెనీ వస్తువుకే ఆ పరిస్థితి వస్తే పేరు లేని మాస్క్ సంగతి ఆలోచించండి. బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ డిప్రెషన్‌కీ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లు పొద్దున్నే కూర్చునే దీపాల జోలికి సొంతంగా వెళ్లకూడదు, మేనియా వైపు, అంటే ఆ అతి ఉత్సాహం వైపు తిరగొచ్చు.

పసిబిడ్డ కామెర్లకి ఇంట్లో ఏ లైటూ వద్దు. "పొద్దుటి ఎండలో పెట్టండి చాలు" అని పక్కింటివాళ్లు చెప్పినా సరే ఆసుపత్రికి వెళ్లి బిలిరుబిన్ ఎంతుందో చూపించండి. అది బాగా పెరిగితే మెదడు దెబ్బతింటుంది.

1. ఖాళీలు పూరించండి

ఒక కాగితం మీద ఈ వాక్యం రాసుకోండి: "ఈ పరికరం ____ జబ్బుకి, ____ నానోమీటర్ల వెలుగుతో, ____ సెంటీమీటర్ల దూరం నుంచి, రోజుకి ____ నిమిషాల చొప్పున, ____ వారాలు వాడితే, ____ తగ్గుతుంది."

ఖాళీలన్నీ అమ్మేవాళ్లు ఇచ్చిన సమాచారంతోనే నింపాలి, మీ ఊహతో కాదు. చాలావాటికి ఇక్కడే కథ ముగుస్తుంది. మొదటి ఖాళీలో "నొప్పులు, థైరాయిడ్, నిద్ర, బరువు, బీపీ, జుట్టు, ఇమ్యూనిటీ" అని ఏడెనిమిది వచ్చి చేరితే, చివరి ఖాళీలో కొలవగలిగేది ఏదీ లేకుండా "ఎనర్జీ పెరుగుతుంది", "టాక్సిన్లు పోతాయి" అని ఉంటే ఇక ముందుకి వెళ్లక్కర్లేదు.

ఇది కొత్త పద్ధతి కూడా కాదు. బొంబాయిలో పుట్టి అమెరికాలో స్థిరపడిన దిన్షా ఘడియాలీ అనే ఆయన వంద సంవత్సరాల క్రితమే స్పెక్ట్రో క్రోమ్ అని ఒక పెట్టె అమ్మాడు. లోపల పెద్ద బల్బు, ముందు రంగు గాజు పలకలు, ఒక్కో జబ్బుకి ఒక్కో రంగు కలయిక. డయాబెటిస్‌కి కూడా రంగు చెప్పాడు. 1947లో న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్డెన్ కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది. ఇప్పటి ఏడు రంగుల మాస్క్‌తో వచ్చే చార్టు చూసినప్పుడల్లా నాకు ఆ పెట్టే గుర్తొస్తుంది. పసుపు దీనికి, ఆకుపచ్చ దానికి, ఊదా ఇంకోదానికి అని రాసి ఉంటుంది, ఎందుకో మాత్రం ఉండదు.

2. రంగు పేరు వదిలి నంబరు చూడండి

"రెడ్ లైట్" అంటే సరిపోదు. ఇళ్లలో వాడే పరికరాల మీద ఎక్కువగా పరిశోధన జరిగింది ఎరుపులో 630 నుంచి 660 నానోమీటర్ల దగ్గర, కంటికి దాదాపు కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌లో 810 నుంచి 850 దగ్గర. మొటిమలకైతే 415 దగ్గరి నీలం, దానితోపాటు 633 దగ్గరి ఎరుపు. పెట్టె మీద నంబరే లేకపోతే, లేదా "630 నుంచి 850 వరకు" అని ఊరికే ఒక పరిధి ఇచ్చి వదిలేస్తే, లోపల ఏముందో వాళ్లకే తెలియదనుకోండి.

ఇన్‌ఫ్రారెడ్ ఉందన్నారు కానీ కంటికి కనిపించడం లేదంటే ఇలా చూడండి. ముందు టీవీ రిమోట్ బటన్ నొక్కి దాని ముందు భాగాన్ని ఫోన్ కెమెరాలో చూడండి. తెల్లగానో ఊదాగానో మెరిస్తే ఆ కెమెరా ఇన్‌ఫ్రారెడ్‌ని పట్టుకుంటుంది (వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో ప్రయత్నించండి). ఇప్పుడు అదే కెమెరాతో పరికరాన్ని చూడండి. ఆరిపోయినట్టున్న బల్బులు కెమెరాలో వెలుగుతుంటే ఇన్‌ఫ్రారెడ్ ఉన్నట్టే. ఈ పరీక్ష "ఉందా లేదా" మాత్రమే చెబుతుంది, ఎంతుందో, ఏ నంబరో చెప్పదు. లైటు వైపు నేరుగా కన్ను పెట్టి మాత్రం చూడొద్దు.

మన చర్మం గురించి ఒక ముఖ్యమైన సంగతి, విదేశీ రివ్యూల్లో ఎవరూ పెద్దగా చెప్పనిది. చామనఛాయ, గోధుమ రంగు చర్మాల మీద నీలం, ఊదా వెలుగు మచ్చల్ని ముదరబెట్టగలదు. మంగు మచ్చలు ఉన్నవాళ్లు, మొటిమ పోయినా నల్ల మచ్చ మిగిలిపోయే తత్వం ఉన్నవాళ్లు నీలం మోడ్ ఉన్న మాస్క్ కొనేముందు చర్మవైద్యుల్ని కలవండి. మచ్చలు పోవాలని కొని మచ్చలు తెచ్చుకోవడం ఎందుకు?

3. మోతాదు లెక్క వేయండి

లెక్క అనగానే టెన్షన్ పడకండి, ఒక్క గుణకారమే. చదరపు సెంటీమీటరు మీద పడే మిల్లీవాట్లని సెకన్లతో గుణించి వెయ్యితో భాగిస్తే జౌల్స్‌లో మోతాదు వస్తుంది. 50 మిల్లీవాట్లు, 10 నిమిషాలు అంటే 50 × 600 ÷ 1000 = 30 జౌల్స్. అధ్యయనంలో 4 జౌల్స్ వాడి ఫలితం వస్తే మీరు 30 ఇవ్వడం "ఇంకా మంచిది" కాదు. ఈ చికిత్సలో మోతాదు పెరిగితే ప్రభావం తగ్గిపోవడం కూడా ల్యాబుల్లో చూశారు.

అసలు చిక్కు ఏమిటంటే పెట్టె మీద వేసే మిల్లీవాట్ల అంకె చాలాసార్లు అసాధ్యమైనది. అది పట్టుకోవడం తేలిక. యూఎస్‌బీతో నడిచే మాస్క్ తీసుకోండి. అడాప్టర్ మీద 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే అది లాగగలిగేది మొత్తం 10 వాట్లు. మొహం వైశాల్యం సుమారు 300 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ప్రకటనలో "చదరపు సెంటీమీటరుకి 100 మిల్లీవాట్లు" అన్నారంటే మొహం మీద 30 వాట్ల వెలుగు పడాలి. 10 వాట్లు లోపలికి వెళ్లి 30 వాట్లు బయటికి ఎలా వస్తాయి? మంచి ఎల్‌ఈడీ కూడా తీసుకున్న కరెంటులో సుమారు సగమే వెలుగుగా ఇస్తుంది కాబట్టి నిజంగా పడేది 16 మిల్లీవాట్ల దగ్గర ఉంటుంది. ఆ 16 పనికిరాదని కాదు, దానితోనూ 10 నిమిషాల్లో 10 జౌల్స్ దాకా వస్తాయి. కానీ అంకె దగ్గరే అబద్ధం చెప్పినవాళ్లు మిగతావి నిజం చెబుతారని నమ్మడానికి నాకు కారణం కనిపించదు.

గోడకి తగిలించే పెద్ద ప్యానెల్ అయితే ఇంటి కరెంటు మీటరే సాక్ష్యం. ఇంట్లో ఫ్రిజ్, ఇన్వర్టర్‌తో సహా అన్నీ ఆపి, ప్యానెల్ ఒక్కటే వేసి, మీటర్ మీద చిన్న ఎర్ర లైటు నిమిషానికి ఎన్నిసార్లు మినుకుతుందో లెక్కపెట్టండి. యూనిట్‌కి ఎన్ని మినుకులో మీటర్ మీదే రాసి ఉంటుంది, చాలా మీటర్లకి 3200. మినుకుల్ని 60తో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు. ఎనిమిది మినుకులంటే 150 వాట్లు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 పొడవు ఉన్న ప్యానెల్ 100 మిల్లీవాట్లు ఇస్తోందంటే వెలుగే 180 వాట్లు ఉండాలి, అంటే గోడ నుంచి 350 దాకా లాగాలి. పెట్టె మీద "1000 వాట్స్" అని ఉండి మీటర్ 150 చూపిస్తే మీకు ఇంకొకరి సలహా అక్కర్లేదు. (మీటర్‌ని చూడటమే, డబ్బా తెరవొద్దు, తాకొద్దు.)

ఇక్కడ జనం చేసే పొరపాట్లు రెండు. ఒకటి, వీడియోల్లో సోలార్ పవర్ మీటర్ పెట్టి చూపించే అంకెని నమ్మడం. ఆ మీటర్లు ఎండ కోసం సరిచేసినవి, ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీల మీద పెడితే ఎక్కువ చేసి చూపిస్తాయి, ఒక్కోసారి దాదాపు రెట్టింపు. రెండు, దూరం మర్చిపోవడం. కంపెనీ అంకె ప్యానెల్‌కి ఆనుకుని కొలిచినది, మీరు కూర్చునేది రెండడుగుల దూరంలో.

4. సర్టిఫికెట్‌ని బోర్లించి చూడండి

"ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అంటే ఆ కంపెనీ తన పేరు, అడ్రసు, ఉత్పత్తుల జాబితా అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేసుకుందని మాత్రమే అర్థం. దానికి ఎఫ్‌డీఏ ఏ సర్టిఫికెట్టూ ఇవ్వదు, కాబట్టి గద్ద బొమ్మతో, బంగారు అంచుతో కనిపించే ఆ కాగితం ఎవరో ప్రింట్ చేయించినదే. "క్లియర్డ్" అంటే కొంచెం మెరుగు, మార్కెట్లో ఇప్పటికే ఉన్న ఒక పరికరానికి ఇది సమానమని ఒప్పుకున్నట్టు. అలాంటివాటికి కె అక్షరంతో మొదలయ్యే ఆరంకెల నంబరు ఉంటుంది, అది అడగండి, ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో వెతకండి, దేనికోసం క్లియర్ చేశారో చదవండి. కండరాల నొప్పికి తాత్కాలిక ఉపశమనం కోసం వేడినిచ్చే దీపంగా అనుమతి తీసుకుని, ప్రకటనలో థైరాయిడ్ గురించి మాట్లాడే పరికరాలకి లోటు లేదు.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి జబ్బుకి వాడే పరికరాలన్నీ చట్టం దృష్టిలో మందుల కిందికే వచ్చాయి, చూసేది కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ. కాబట్టి చికిత్స చేస్తుందని చెప్పి అమ్ముతుంటే లైసెన్స్ నంబరు అడగండి. "ఇది వెల్‌నెస్ ప్రొడక్ట్ అండీ, లైసెన్స్ అక్కర్లేదు" అంటే మంచిదే, అయితే జబ్బు తగ్గుతుందని కూడా అనకూడదు. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వింటారు, చూస్తూ ఉండండి.

"నాసా టెక్నాలజీ" అన్న మాటకి ఆధారం కొంత ఉంది. మొక్కలు పెంచడానికి తయారైన ఎల్‌ఈడీలతో గాయాలు మానడం మీద జరిగిన పరిశోధనకి నాసా డబ్బులిచ్చింది. అంతమాత్రాన మీ చేతిలో ఉన్న బెల్టుని నాసా చూసినట్టు కాదు. "నోబెల్ వచ్చిన వైద్యం" అన్నదీ అంతే. 1903లో నీల్స్ ఫిన్సెన్‌కి బహుమతి వచ్చింది చర్మానికి సోకే క్షయని కార్బన్ ఆర్క్ దీపాల వెలుగుతో నయం చేసినందుకు, ముడతలకి ఎర్ర ఎల్‌ఈడీ పెట్టినందుకు కాదు.

5. డమ్మీ పరికరంతో పోల్చారా?

"వంద స్టడీలు ఉన్నాయి" అని లింకులు పంపిస్తే అన్నీ చదవక్కర్లేదు. ఒక్కోదాంట్లో మూడు చూడండి: మనుషుల మీదా ఎలుకల మీదా, మీరు కొనే పరికరంతోనా వేరే లేజర్‌తోనా, వెలుగు రాని డమ్మీ పరికరాన్ని ఇంకో గుంపుకి ఇచ్చి పోల్చారా. పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధనలు వెతికే వెబ్‌సైట్) వెతికేటప్పుడు జబ్బు పేరు పక్కన "sham" (డమ్మీ అని అర్థం) అన్న మాట ఇంగ్లిష్‌లో కొట్టండి, డమ్మీతో పోల్చినవి వస్తాయి.

డమ్మీ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, నొప్పులూ తిమ్మిర్లూ తమంతట తాము పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి, మనం పరికరం కొనేది బాగా ఎక్కువైనప్పుడు, ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది. నాన్నగారి పాదాల ప్రశ్న అడిగినవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. అమెరికాలో అనోడైన్ అనే ఇన్‌ఫ్రారెడ్ ప్యాడ్లు సరిగ్గా ఈ షుగర్ తిమ్మిర్ల కోసమే బాగా వాడారు. 2006లో అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ వీటికి డబ్బు చెల్లించబోమని తేల్చేసింది. 2008లో ప్రచురించిన డమ్మీ పోలిక అధ్యయనంలో అసలు ప్యాడ్‌కీ డమ్మీకీ తేడా కనిపించలేదు. కాబట్టి నా జవాబు, కొనకండి. ఆ డబ్బుతో షుగర్ అదుపు, పాదాల పరీక్ష, మెత్తటి చెప్పులు చూసుకోండి.

ఒక్క స్టడీని చూసి మోసపోవద్దు, అది పెద్ద జర్నల్‌లో వచ్చినా సరే. 1998లో మోకాలి వెనక వెలుగు వేస్తే శరీర గడియారం మారుతుందని సైన్స్ పత్రికలో వచ్చింది. 2002లో వేరే బృందం ఇంకా కట్టుదిట్టంగా చేసి చూస్తే ఏమీ మారలేదు. తర్వాత చెవిలో వెలుగు వేసే పరికరాలు కూడా అమ్మారు. శీతాకాలపు డిప్రెషన్ దీపం పనిచేసేది కళ్ల ద్వారా, చెవుల ద్వారా కాదు.

మొటిమలు, ఆడా మగా వంశపారంపర్యంగా జుట్టు పలచబడటం, ఈ రెంటికీ డమ్మీతో పోల్చిన అధ్యయనాలు కొన్ని ఉన్నాయి, ఫలితం ఓ మాదిరి. మోకాళ్ల నొప్పులకి ఫలితాలు మిశ్రమం. ముడతలకి స్వల్పం. బరువు తగ్గడానికి, థైరాయిడ్‌కి, షుగర్‌కి మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

6. కొనేశారా? అయితే మీమీదే పరీక్ష పెట్టండి

మొదలుపెట్టకముందే ఏది కొలుస్తారో రాసుకోండి. నొప్పైతే రోజూ ఒకే సమయానికి సున్నా నుంచి పదిలో ఎంతో వేయండి, మెట్లు ఎక్కాక అయితే ఎప్పుడూ మెట్లు ఎక్కాకే. పరికరం లేకుండా రెండు వారాలు రాయండి. ఈ పని ఎవరూ చేయరు, దీన్ని వదిలేస్తే మాత్రం తర్వాత రాసిందంతా వృథా.

రెండు మోకాళ్లూ నొప్పైతే ఒకదానికే వాడండి. మొహమైతే ఫోటోలు ఒకే గదిలో, ఒకే కిటికీ పక్కన, అదే గంటకి, ఫిల్టర్ ఆపేసి తీయండి, చివరికి తేదీలు దాచి కలిపేసి ఆ మొహమాటం లేని మనిషికి ఇచ్చి "ఏది ముందు, ఏది తర్వాత" అని అడగండి. కొన్నవాళ్లనే అడిగితే ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తుంది, అంత డబ్బు పెట్టాం కదా. ఈ సమయంలో కొత్త క్రీములు, కొత్త మాత్రలు, కొత్త ఆహార నియమం ఏదీ మొదలుపెట్టకండి. పాతవి మాత్రం అసలు ఆపకండి. బీపీ, షుగర్ మాత్రలు మానేసి లైటు మీద ఆధారపడమని ఏ ఏజెంటు చెప్పినా అక్కడితో సంబంధం తెంచుకోండి.

గడువు కూడా ముందే పెట్టుకోండి. మొటిమలకి 12 వారాలు, జుట్టుకి 26 వారాలు, నొప్పికి నాలుగైదు. దాటినా తేడా లేకపోతే ఆపేయండి. "ఇంకో మూడు నెలలు వాడండి, రివర్స్ అవుతుంది" అన్న మాటకి అంతు ఉండదు. కళ్లు మండినా, తలనొప్పి వచ్చినా, మచ్చ ముదిరినా, చర్మం ఎర్రబడి మర్నాటికీ తగ్గకపోయినా గడువు దాకా ఆగక్కర్లేదు.

7. బదులుగా ఏముంది

మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ ఉన్నాయి, జుట్టుకి మినాక్సిడిల్, మోకాళ్లకి తొడ కండరాల వ్యాయామం, వేడినీళ్ల బ్యాగు. అన్నీ మాస్క్ ధరలో చిన్న వంతు, ఆధారం ఎక్కువ. ఏది ఎవరికి పడుతుందో డాక్టర్‌తో తేల్చుకోండి.

టొరంటోలోనో స్టాక్‌హోమ్‌లోనో ఉండి నవంబరు రాగానే మంచం దిగబుద్ధి కాని మనవాళ్లకి 10,000 లక్స్ దీపం నిజంగా ఆలోచించదగ్గదే. అల్ట్రావయొలెట్ వడగట్టినది తీసుకోండి, ఎంత దూరంలో 10,000 అన్నారో చూసి అంతే దూరంలో కూర్చోండి. ఇది విటమిన్ డి ఇవ్వదు, అది వేరే సంగతి. హైదరాబాద్‌లో, విశాఖలో ఉండి ఇదే దీపం కొంటామనేవాళ్లు మాత్రం ముందు పొద్దున్నే అరగంట బయట నడవండి. గదిలో ట్యూబ్‌లైటు ఇచ్చేది కొన్ని వందల లక్స్ అయితే బయట నీడలో కూడా వేలల్లో ఉంటుంది.

8. డబ్బు వెనక్కి, ఫిర్యాదు

ఆన్‌లైన్ రిటర్న్ గడువు వారం, పది రోజులు. ఫలితానికి మాత్రం 12 వారాలు ఆగమంటారు. అందుకే 3వ అంకంలోని కరెంటు లెక్క, 2వ అంకంలోని కెమెరా పరీక్ష పెట్టె విప్పిన రోజే చేయండి. రాసిన దానికీ వచ్చిన దానికీ తేడా ఉంటే "ప్రకటనలో చెప్పినట్టు లేదు" అన్న కారణంతో అప్పుడే వెనక్కి పంపొచ్చు, "నాకు పనిచేయలేదు" అంటే వాదన మొదలవుతుంది.

ఉచిత ట్రయల్ సెంటర్ల దగ్గర, చుట్టాల ద్వారా కొన్నప్పుడు బిల్లు అడగడానికి మొహమాటపడతాం. అడగండి. అక్కడ చేతిలో పెట్టే చీటీ మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు లేకపోతే రేపు ఎవరి మీద ఫిర్యాదు చేస్తారు?

డయాబెటిస్, క్యాన్సర్, పక్షవాతం, ఊబకాయం, బొల్లి నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, పరికరాలు కూడా దాని కిందికి వస్తాయి. తప్పుడు ప్రకటనల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసేముందే ప్రకటన స్క్రీన్‌షాట్ తేదీ కనిపించేలా తీసి పెట్టుకోండి, ఫిర్యాదు వెళ్లాక ఆ పేజీ ఉండదు. థర్మాకోల్‌తో సహా పెట్టె కూడా దాచండి, చాలామంది రిటర్న్ ఆగిపోయేది అక్కడే.